బల్బు కాపడం

"అమ్మీ, ఆ పెట్టె పట్టుకెల్లిపో. రోజూ దాన్ని సూడనేకపోతన్నాను" అని పిన్ని ఫోన్ చేసింది.

బాబాయ్ పోయి నెల దాటింది. పెద్దకర్మ రోజున అందరిలాగే వెళ్ళాను, అందరిలాగే భోంచేశాను, పిన్ని మొహంలోకి చూడకుండా వచ్చేశాను. ఈసారి అలా కుదరదు. పెట్టె కోసం వెళ్తే పెట్టె గురించి మాట్లాడాలి. ఆ పెట్టె గురించి నా కడుపులో ఆరేళ్ళుగా ఒక మాట ఉండిపోయింది.

పిన్ని మా అమ్మ చెల్లెలు కాదు. ఆయన మా నాన్న తమ్ముడూ కాదు. ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి ఎదురు క్వార్టర్ వాళ్ళది. ఆయన రోలింగ్ మిల్లులో పని చేసేవాడు, షిఫ్టు దిగి వచ్చి మృదంగం వాయించేవాడు. గోదావరి జిల్లా నుంచి పెళ్ళై వచ్చిన కొత్తలో నేను నా వయొలిన్‌ని మంచం కిందికి తోసేసి, అత్తగారి దగ్గర మంచి కోడలనిపించుకునే పనిలో ఉన్నాను. ఒకరోజు తలుపు కొట్టి, పరిచయమైనా లేకుండా, "ఏటే, నీకు వయొలిన్ వొచ్చంట కదా? మరేటి సేత్తన్నావ్? పప్పు రుబ్బుతన్నావా?" అన్నాడు. నిజంగానే పప్పు రుబ్బుతున్నాను. ఒళ్ళు మండింది. మర్నాడు సాయంత్రం వయొలిన్ దుమ్ము దులిపి ఎదురింటికి వెళ్ళాను. ఆ తరువాత పద్నాలుగేళ్ళు ఆయన పక్కన కూర్చుని వాయించాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. తప్పు అన్న మాట ఉన్న చోట తన పేరు కనపడడం ఆయనకి బొత్తిగా గిట్టదు.

మనిషి పొట్టి. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. ఆ చేతులు ఖాళీగా ఉండడం నేను చూడలేదు. స్కూటర్ సీటు మీద, కంపెనీ బస్సు కిటికీ మీద, పెళ్ళి భోజనాల్లో విస్తరి పక్క బల్ల మీద, ఎక్కడ ఆనితే అక్కడ తాళం. ఓసారి ఆస్పత్రిలో పక్క మంచం రోగి మందుల ట్రే మీద వాయించి నర్సు చేత తిట్లు తిన్నాడు. "ట్రే అక్కడెవులు పెట్టేరు?" అని నర్సునే అడిగాడు.

అదీ ఆయన తీరు. జన్మలో తప్పు ఒప్పుకోడు. పెరుగు గిన్నెకి కాలు తగిలితే, గిన్నె అక్కడ పెట్టినవాళ్ళది తప్పు. బస్సు వెళ్ళిపోతే, బస్సుది తప్పు. కచేరీలో ఎప్పుడైనా, ఏ రెండేళ్ళకో ఒకసారి, తాళం తప్పితే ఠక్కున నా వైపు తిరిగి కళ్ళెర్రజేసేవాడు. వినేవాళ్ళందరూ వయొలిన్ పిల్ల తప్పిందనుకునేవారు. శ్రీరామనవమి పందిట్లో ఒకసారి అలాగే చేశాడు. దిగాక పందిరి వెనక్కి లాక్కెళ్ళి దులిపేశాను.

"బాబాయ్, తప్పింది మీరు! నా వైపు చూస్తారేం?"

"నానే తప్పేను. అయితే ఏటి? నాను తప్పితే నువ్వు పట్టుకోవాల గదా. పట్టుకోనేదు. మరిప్పుడు తప్పెవులిది?"

ఏడవాలో నవ్వాలో తెలియక ప్రసాదం తిని ఇంటికొచ్చాను.

ఇక ఆ పెట్టె. విశాఖపట్నంలో తోలు వాయిద్యం పెట్టుకున్నవాడి బాధ వేరే ఊరివాళ్ళకి తెలియదు. సముద్రపు గాలికి డబ్బాలో ఉప్పు నీరుకారిపోతుంది, బీరువాలో చీరలు చెమ్మగిల్లుతాయి, మృదంగం మూతకి బిగించిన తోలు జావగారిపోతుంది. మధ్యాహ్నం చక్కగా శ్రుతి చేసి పెట్టిన మృదంగం సాయంత్రానికి దిగిపోయి కూర్చుంటుంది. అందుకని ఆయన టేకు చెక్కతో పెద్ద పెట్టె చేయించి, మూతకి లోపలి వైపు హోల్డరు బిగించి, నలభై క్యాండిల్ బల్బు పెట్టాడు. కచేరీకి ముందు గంటసేపు పెట్టె మూసి బల్బు వేస్తే ఆ వేడికి తోలు బిగుస్తుంది. దానికి ఆయన పెట్టిన పేరు బల్బు కాపడం. బాలింతకి చేసినంత శ్రద్ధగా చేసేవాడు. ఏ ఊళ్ళో దిగినా "ముందు బల్బు, తరవాతే కాపీ." పని కూడా పంచాడు. వెయ్యడం నా వంతు, ఆపడం ఆయన వంతు. "ఆపీది నాకొదిలీ. ఎంత కాగితే సాలో నా సెయ్యికి తెలుస్తాది" అనేవాడు. మూత మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూసి, ఆపేవాడు.

పద్నాలుగేళ్ళు. నా చెయ్యి ఆ స్విచ్చు మీదికి దానంతటదే వెళ్ళేది. ఆ మాట నేను ఇప్పుడు సాకుగా చెప్పుకుంటున్నాను, అదీ నాకు తెలుసు.

ఒక సంవత్సరం బీచ్ దగ్గర జరిగిన సంగీతోత్సవానికి జోధ్‌పూర్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. తరతరాలుగా పాడుకుంటూ వాయించుకుంటూ బతికే ఇంటివాళ్ళు. పెద్దాయన మేకతోలు బిగించిన తంతి వాద్యాన్ని కమానుతో వాయిస్తాడు, చిన్నాయన పాడతాడు. హోటల్ తిండి వాళ్ళకి పడలేదని బాబాయ్ వాళ్ళని క్వార్టర్‌కి తీసుకొచ్చేశాడు. మిల్లులో దేశం నలుమూలలవాళ్ళతో కలిసి పని చేసిన మనిషి, ఆయన హిందీకి వ్యాకరణం లేకపోయినా మొహమాటం కూడా లేదు. నాలుగు రోజులు ఆ ఇల్లు ఇల్లులా లేదు. వెళ్ళేటప్పుడు ఆ అన్నదమ్ములు తమ ఊరు రావాలని ఒట్టు వేయించుకున్నారు.

ఏళ్ళు గడిచాయి. ఆయన రిటైరై సబ్బవరంలో ఇల్లు కట్టుకున్నాడు, మేం గోపాలపట్నం మారాం. ఒక కార్తీకమాసంలో జోధ్‌పూర్ పెద్దన్న ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్నకి ఎనభై దాటాయి, చూపు ఎప్పుడో పోయింది, ఇప్పుడు వినికిడీ తగ్గుతోంది. "సముద్రం పక్క ఊళ్ళో రెండు మొహాల డోలు ఉందన్నావు, అది వినిపించు" అని పట్టుపట్టాడట. చెవులు పూర్తిగా పోకముందే రమ్మన్నాడు. బాబాయ్ ఆ రోజే నాకు ఫోన్ చేశాడు. "శనాదివారాలు ఎల్లొచ్చీద్దుం. ముసిలాయన సెవులు మనకోసం ఆగవు గదా."

విమానాశ్రయంలో పెట్టె తెరిపించారు. చెక్క పెట్టె, వైరు, హోల్డరు, బల్బు, పక్కన ఒక పొట్లంలో తెల్లటి పొడి. మృదంగం ఎడమ మూతకి కచేరీ ముందు తడి రవ్వ ముద్ద అంటిస్తారు, గంభీరమైన నాదం కోసం. ఆ పొడి బొంబాయి రవ్వ. తనిఖీ కుర్రాడు దాన్ని వాసన చూస్తున్నాడు. "ఉప్మా సేసుకో బాబూ, నానేటీ అనుకోను" అన్నాడీయన. చివరికి పెట్టెని సామాన్లలోకి పంపించినప్పుడు కన్నబిడ్డని హాస్టల్లో దింపినట్టు నిలబడ్డాడు.

జోధ్‌పూర్‌లో దిగిన గంటకి పెదవులు పగిలాయి. తువ్వాలు ఆరేస్తే అరగంటలో అప్పడం అయిపోయింది. పెద్దన్న ఇంట్లో ఒక మూల పెట్టె పెట్టించి, మృదంగం బయటకి తీసి, బాబాయ్ వేలితో మీటాడు. శ్రుతి దానంతటదే పైకి ఎక్కి కూర్చుంది. పిచ్చి సంబరం ఆయనకి. "సూసేవా! ఇక్కడ బల్బుకి పనినేదు. ఎలిగించకు. ఒట్టి పొడిగాలి, పగిలిపోద్ది" అన్నాడు. పెట్టెలో ఒక మూల తడిగుడ్డ పెట్టి, మృదంగం లోపల పెట్టి మూశాడు.

"ఊఁ" అన్నాను. విన్నాను. ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది.

శనివారం మధ్యాహ్నం ఆయన అన్నదమ్ములతో బజారుకి వెళ్ళాడు. కచేరీ ఆరింటికి. రెండు దాటాక ఇంటి కోడలు వచ్చి, ముసలాయనకి సాయంత్రమయ్యేసరికి నీరసం వస్తుంది, అందుకని నాలుగింటికే మొదలుపెడదామని చేతి వేళ్ళు చూపించి చెప్పింది. కచేరీ ముందుకు జరిగింది అన్న మాట వినపడగానే విశాఖపట్నంలో నేనేం చేస్తానో అదే చేశాను. వెళ్ళి ప్లగ్గు పెట్టి స్విచ్చు వేశాను. వేసి వంటింట్లోకి వెళ్ళి ఆడవాళ్ళతో కూర్చున్నాను. సజ్జ రొట్టెలు చేత్తో తట్టడం నేర్పిస్తున్నారు, నాకు రావడం లేదు, అందరం నవ్వుకుంటున్నాం. ఆపడం నా పని కాదు కదా. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆపలేదు.

మూడున్నరకి వాళ్ళు తిరిగొచ్చారు. ముసలాయన్ని పట్టుకొచ్చి తివాచీ మీద కూర్చోబెట్టారు. ఇరుగుపొరుగు చేరారు. బాబాయ్ పెట్టె దగ్గరికి వెళ్ళి మూత మీద చెయ్యి వేశాడు. వేసి అలా ఉండిపోయాడు. వంటింటి గుమ్మంలోంచి నాకు ఆయన వీపే కనపడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

మూత తీశాడు. మృదంగం కుడి మూత అంచు నుంచి నడిమధ్య నల్లమచ్చ దాకా చీలిపోయింది.

స్విచ్చు ఆపి, లేచి, మా అందరివైపూ తిరిగాడు. "ఎవులు ఎలిగించేరు?"

వాళ్ళెవరికీ తెలుగు తెలియదు. అయినా అందరికీ అర్థమైంది. ముసలాయన కూడా తల ఎత్తాడు. బాబాయ్ నావైపు చూస్తున్నాడు. పందిట్లో చూసిన చూపే, పద్నాలుగేళ్ళుగా చేసినవాటికీ చెయ్యనివాటికీ పడుతూ వచ్చిన చూపే. కానివాళ్ళ ఊళ్ళో, ఇంతమంది ముందు, మళ్ళీ నేనేనా అనిపించింది. అయితే ఈసారి నిజంగానే నేను.

"నేను కాదు బాబాయ్" అన్నాను.

గట్టిగా అన్నాను, పౌరుషంగా కూడా. అరుస్తాడనుకున్నాను. "నువ్వు కాపోతే మీ తాతొచ్చి ఎలిగించేడా?" అంటాడనుకున్నాను. అప్పుడు ఎలాగోలా ఒప్పేసుకుందును. ఆయన అరవలేదు. నా మొహంలోకి చూసి, తరువాత తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు, అది తనది కానట్టు.

"నువ్వు కాపోతే నానే ఎలిగించుంటాను. ఇంకెవులున్నారు?"

ఆ తరువాత అన్నదమ్ముల వైపు తిరిగి, తనకొచ్చిన హిందీలో, "గల్తీ మేరా" అన్నాడు. తప్పు నాదన్న ఆ రెండు మాటలు ఆయన నోట ఏ భాషలోనూ అంతకుముందు నేను వినలేదు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. అదీ పచ్చి నిజం.

పెద్దన్న తమ ఇంటి ఢోలక్ తెచ్చిచ్చాడు. ఈయన వద్దన్నాడు. చీలిన మృదంగాన్ని నిలబెట్టి, ఎడమ మూత పైకి పెట్టి, రవ్వ తడిపి అంటించి, రెండు చేతులతో ఆ ఒక్క మొహం మీదే వాయించాడు. ఆ గాలికి ముద్ద పది నిమిషాలకోసారి ఎండి పెళ్ళలుగా రాలేది. మళ్ళీ తడిపేవాడు, మళ్ళీ వాయించేవాడు. నేను వయొలిన్ పట్టుకుని ఏం వాయించానో నాకు తెలియదు. ముసలాయన పాక్కుంటూ ముందుకొచ్చి, మృదంగం పక్కకి చెవి ఆనించి, గంటన్నర కదల్లేదు. అయ్యాక బాబాయ్ చేతులు పట్టుకుని ఏదో అన్నాడు. రెండో మొహం కూడా ఉండుంటే ఈ గుండె తట్టుకునేది కాదు, దేవుడే పగలగొట్టాడు అన్నాడని పెద్దన్న చెప్పాడు. అందరూ నవ్వారు. బాబాయ్ నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం నుంచి పిన్నికి ఫోన్ చేశాడు. "వొచ్చీముందర గేస్ కట్టీసేనా? సూడు. మోటారు?" రెండురోజులుగా ఇంట్లో ఉన్న మనిషిని గ్యాస్ కట్టేశానా అని అడుగుతున్నాడు. నాకు ఆ ప్రశ్న వేళాకోళంలా వినపడింది. ఇంటికెళ్ళాక తీరిగ్గా చెప్దాం, వారంలో నవ్వుకుంటాం అనుకున్నాను.

మృదంగం మూత మార్పించాడు. కచేరీలు మాత్రం తగ్గించేశాడు. ఒకసారి కమ్యూనిటీ హాల్లో వాయిస్తూ మధ్యలో నా వైపు వంగి, "ఇది ఎన్నోసారి?" అని తాళం లెక్క గుసగుసగా అడిగాడు. ఆయన లెక్క సరిగ్గానే ఉంది. నమ్మకమే లేదు. దిగాక, "ఇంక నా వల్ల కాదమ్మీ. మతి పోతంది. ఆ జోద్‌పూర్ల మజ్జినం నా సేత్తో నాను ఎలిగించీసి, ఎలిగించినట్టే గురుతునేదంటే ఇంకేటి మిగిలింది?" అన్నాడు.

"మీకేం కాలేదు బాబాయ్, ఊరికే బెంగ" అన్నాను.

డాక్టరూ అదే అన్నాడు. తలకి ఫోటోలు తీసి, ప్రశ్నలు అడిగి, అంతా బాగుందన్నాడు. "రిపోర్టు బాగుంది, నానే బానేను" అని ఆ కవరు బీరువా మీదికి విసిరేశాడట.

తరువాత సబ్బవరం ఇంటి గోడలకి కాగితాలు మొలిచాయి. క్యాలెండరు వెనక తెల్లవైపు కత్తిరించి, పెద్ద పెద్ద అక్షరాలతో, ప్రతి స్విచ్చు మీదా "ఆపావా?" అని రాసి అంటించాడు. గ్యాస్ మీద ఒకటి, మోటారు మీద ఒకటి, ఇస్త్రీ పెట్టె దగ్గర ఒకటి. వచ్చినవాళ్ళు నవ్వేవారు. పిన్ని కూడా నవ్వేది, మొదట్లో. ఆయన బల్లల మీద వాయించడం మానేసినప్పటి నుంచి మానేసింది.

చెప్పేద్దామని ఒక ఆదివారం పనిగట్టుకుని వెళ్ళాను. దారిపొడవునా బస్సులో మాటలు కూర్చుకున్నాను. ఆయన స్టూలెక్కి ఫ్యాను స్విచ్చు దగ్గర కాగితం అంటిస్తున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది.

"సమయానికి వొచ్చేవు. మొన్న నీకు ఆ స్వరాల పుస్తకం ఇచ్చేనా, నేదా?"

"ఇవ్వలేదు బాబాయ్."

"నువ్వు నేదంటే నేదు." స్టూలు దిగి నా పక్కన కూర్చున్నాడు. "మీ పిన్నినడిగితే జాలికొద్దీ అబద్ధం సెప్తాది. నువ్వు సెప్పవు. ఆ జోద్‌పూర్ల కూడా అంతమందిలోన మొహమ్మీదే సెప్పేసేవు గదా, ఎలిగించింది నువ్వు కాదని. నాకదే నచ్చింది. నాకు మతి నేకపోయినా నువ్వున్నావు."

కాఫీ తాగి వచ్చేశాను. ఆ తరువాత వారానికోసారి ఫోన్. "అమ్మీ, నాను ఫలానా మాట అన్నానా?" అన్నారు, అనలేదు, ఇచ్చారు, ఇవ్వలేదు. నేనేం చెప్తే అదే ఆయనకి జరిగినట్టు. ఆరేళ్ళు అలా సాగింది. ఇంతలో గుండె ఆగిపోయింది. ఫోన్లు ఆగిపోయాయి.

ఇవాళ సబ్బవరం వెళ్ళేసరికి పదయింది. పిన్ని మంచినీళ్ళిచ్చింది. గోడల మీద కాగితాలు అలాగే ఉన్నాయి. మూలన గుడ్డ కప్పిన పెట్టె. ఇంక కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను.

"పిన్నీ, జోధ్‌పూర్‌లో బల్బు వేసింది నేను. బాబాయ్ కాదు. వద్దన్నారు కూడా. అయినా వేశాను, కాదని అబద్ధం ఆడాను."

పిన్ని గ్లాసు కింద పెట్టింది. "ఎవులికైనా సెప్పేవా?"

"లేదు."

"ఆయనకి?"

తల అడ్డంగా ఊపాను. ఏడుపొచ్చేసింది. ఓదారుస్తుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా. సిగ్గులేకపోతే సరి.

పిన్ని గోడల వైపు చూసింది. "అయితే మతి బాగానే ఉందన్నమాట" అంది, నాతో కాదు. లేచి వెళ్ళి ఫ్యాను స్విచ్చు మీది కాగితాన్ని గోటితో గీకి పీకింది. తరువాత ట్యూబులైటుది. తరువాత వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ దగ్గరది, మోటారుది. కాగితంతో పాటు సున్నం పెచ్చులు ఊడి రాలుతున్నాయి. నేను సాయం చెయ్యబోతే చెయ్యి తోసేసింది. అన్నీ పీకి, ఉండచుట్టి, ఒళ్ళో వేసుకుని, చివరికి మూలనున్న పెట్టె దగ్గరికి వచ్చింది. గుడ్డ తీసి, మూత ఎత్తి, లోపల బల్బు హోల్డరు పక్కన అంటించిన కాగితం మీద చెయ్యి పెట్టి ఆగింది.

"ఇది నాను పీకను. ఇది నీదే. పెట్టెతో పట్టుకెల్లిపో" అంది.

వంగి చూశాను. ఆ ఒక్కదాని మీద "ఆపావా?" అని లేదు. అవే పెద్ద అక్షరాలతో, "అనుమానం వస్తే అమ్మీని అడుగు" అని ఉంది.